సుగుణ వాళ్ల కారు బ్రేకులో గాలి

బ్రేకు మీద కాలు వేశాను. వేడి పూరీలో వేలు దిగినట్టు పెడల్ మెత్తగా అడుగుకంటా దిగిపోయింది. కారు మాత్రం ఏ తొందరా లేకుండా, ఎంతో మర్యాదగా వెళ్లి పాలిషు బండల దొంతిలోకి దూరింది. అవి చర్చి నేలకు పరచడానికి నిగనిగలాడేలా తీసిపెట్టిన బండలు. వాటి యజమాని నా పక్క సీట్లోనే ఉన్నాడు. నాకు పిల్లనివ్వాలా వద్దా అని ఆలోచిస్తున్నవాడూ ఆయనే. ఇంతకన్నా ఘోరం మీకు జరిగి ఉంటే ఇక్కడితో ఆపేయండి, మిగతాది చప్పగా ఉంటుంది.

ఇది రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, బేతంచెర్లలో జరిగింది. అప్పట్లో నేను కర్నూలులో ఒక పత్రికలో పనిచేస్తూ, ఆదివారం అనుబంధానికి వాహన సంరక్షణ శీర్షిక రాసేవాణ్ణి. నా సొంత వాహనం సైకిలు. దాని చైను పడినా ఇంకొకరు ఎక్కించాల్సిందే. ఏటి గట్టున కూర్చుని ఊరందరికీ ఈత నేర్పే ఉద్యోగం నాది.

దేవదానం గారికి బండల పాలిషు ఫ్యాక్టరీ, చర్చిలో పెద్దరికం, ఒక పాత తెల్ల కారు, సుగుణ అనే కూతురు ఉన్నారు. సంబంధం మాట్లాడితే ఆయన "చూద్దాం" అని ఆపాడు. పేపర్లో రాసుకునేవాడికి చేతులతో చేసే పనేదైనా వచ్చా అని ఆయన అనుమానమట. ఆ అనుమానం తీర్చడానికే ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక వాళ్లింటికి వెళ్లాను. కారు ముందు చక్రాల బ్రేకుల్లోంచి ఆయిల్ కారుతోంది. మార్చడానికి తెప్పించిన కొత్త కాలిపర్లు వరండాలో ఉన్నాయి.

"మెకానిక్కు రేపొస్తాడులేప్పా. నువ్వు కూచోని కాఫీ తాగు," అన్నాడాయన.

"దీనికి మెకానిక్కెందుకు మామా? కాఫీ చల్లారేలోగా బిగిస్తా."

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. ఇంకా కాని అల్లుడు హద్దెరగడు.

కాలిపర్ అంటే బ్రేకు తొక్కినప్పుడు చక్రాన్ని నొక్కి ఆపే పట్టకారు లాంటిది. ఎడమకొకటి, కుడికొకటి ఉంటాయి. లోపలి గాలి తీయడానికి దానికో చిన్న నిప్పిల్ ఉంటుంది. కొత్తవాటిని ఏ వైపుది ఆ వైపు పెట్టి చూస్తే నిప్పిల్ పైకి వచ్చింది. నాకు నచ్చలేదు. మనం బోర్లు వేసుకుని బతికే సీమవాళ్లం. నీళ్లు కావాలంటే కిందికి పోవాలి, పడకపోతే ఇంకా కిందికి పోవాలి. ఆయిల్ బయటికి రావలసిన రంధ్రం నెత్తిన పెడతారా ఎవరైనా? చేసినవాడికి బుద్ధి లేదని తేల్చి, ఎడమది కుడికీ కుడిది ఎడమకూ మార్చి, నిప్పిళ్లు కిందికి ఉండేట్టు బిగించాను.

ఇక గాలి తీయాలి, ఆయిల్లో గాలి మిగిలితే పెడల్ మెత్తబడి బ్రేకు పట్టదు. ఆయన సీట్లో కూర్చున్నాడు, నేను చక్రం దగ్గర బోర్లా పడుకున్నాను.

"తొక్కండి మామా!"

"తొక్కినా."

"అట్లే పట్టుకోండి!"

నిప్పిల్ వదులు చేయగానే ఆయిల్ కొత్త బోరులా చిమ్మింది. అందులో ఒక్క బుడగ లేదు.

"చూశారా? గాలే లేదు!"

"గాల్లేకుంటే ఇదేమప్పా, బురద తొక్కినట్టుండాది?"

"మళ్లీ తొక్కండి."

"నాయనా, పాస్టరు గారి ప్రసంగం నిలబడి వింటేనే నాకు మోకాళ్లు నొస్తాయి. ఇదేం శిక్షప్పా?"

కాఫీ ఎప్పుడో చల్లారింది. గ్లాసు తీసుకుపోవడానికి వచ్చిన సుగుణ చక్రం వైపు వంగి చూసింది.

"ఏమండీ, బుడగ పైకి పోతాదా, కిందికి పోతాదా?"

"ఇది సోడా కాదండీ, బ్రేకు," అన్నాను, శీర్షికా రచయిత గాంభీర్యంతో. ఆమె గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది. గాలంతా కాలిపర్ పైభాగాన కాలు మీద కాలు వేసుకుని కూర్చుని నవ్వుతోందని ఆమెకు తెలిసిపోయింది. నాకే తెలియలేదు.

"కొత్త సామాను గదా మామా, రెండు మలుపులు తిరిగితే గట్టిపడుతుంది. ఎక్కండి," అన్నాను.

పాపం, ఎక్కాడు. రెండో మలుపు రాలేదు. ఫ్యాక్టరీ ఆవరణలో పల్లం వచ్చింది, పల్లం చివర బండలు వచ్చాయి.

పై బండలు ఒకదాని వెంట ఒకటి జారి పగిలాయి. దుమ్ము అణిగాక ఆయన నిదానంగా అడిగాడు.

"ఏమప్పా, కారు నిలిచినట్టుండాదే?"

"నిలిచింది మామా."

"బ్రేకుకా, బండకా?"

నేను దిగి పగిలిన బండలు ఏరడం మొదలుపెట్టాను. సాయంత్రం రైలుకు నన్ను సాగనంపుతూ ఆయన తన పాత "చూద్దాం"ను "చూసినాం పో"గా మార్చాడు. మర్నాడు మెకానిక్కు వచ్చి కాలిపర్లను ఏ వైపువి ఆ వైపుకు మార్చి గాలి తీస్తే, విందులో చివరి పంక్తి లేచినట్టు బుడగలన్నీ గుంపుగా బయటికొచ్చాయట. నేను మాత్రం కర్నూలులో కూర్చుని ఆ వారం శీర్షికకు "బ్రేకుల విషయంలో అజాగ్రత్త వద్దు" అని యథావిధిగా రాసి పంపాను.

కొన్నాళ్లకు, ఎవరూ అనుకోని విధంగా, పిల్లనిస్తామని కబురొచ్చింది. చర్చిలో కొత్తగా పరచిన బండల మీద నిలబడి పెళ్లి ప్రమాణాలు చేస్తూ, మనసులో ఇంకొకటి కూడా చేర్చుకున్నాను: దేవుని సాక్షిగా, సంఘం సాక్షిగా, ఇకమీదట పైన ఉండాల్సినదాన్ని కిందికి తిప్పను, కలిమిలోనైనా లేమిలోనైనా, ప్రాణమున్నంత కాలం స్పానరు ముట్టను.

నేను రైలెక్కాక సుగుణ వాళ్ల నాయనతో ఏదో చెప్పిందని, దాంతోనే ఆయన మెత్తబడ్డాడని మా అత్త అంటుంది. ఏం చెప్పావని సుగుణను అడిగితే "నాయననే అడగండి" అంటుంది. ఆయన్ను అడిగితే "దాన్నే అడగప్పా" అంటాడు. ఇంతవరకూ ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు.