బసవరాజు వదిలేసిన బాతులు

బంగ్లాదేశ్ యుద్ధం ముగిసిన రెండో ఏడు బసవరాజు పటాలం నుంచి ఉప్పల్‌కు తిరిగొచ్చి, నాచారంలో ఒక గాజు ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలాకు కుదిరాడు. విమానంలోంచి పారాచూట్ కట్టుకుని దూకే దళంలో పనిచేసిన మనిషి. ఏరి కోరి తీసుకుంటారు ఆ దళంలోకి. ఆ సంగతి అందరూ నమ్మారు, ఒక్క చలపతిరావు తప్ప. అతను బసవరాజు భార్య తారామణికి తమ్ముడు.

"మా బావ దూకింది వంటశాల అరుగు మీదికెల్లి. యుద్ధమంతా ఉల్లిగడ్డలు కోసిండు," అని పాన్ డబ్బా దగ్గర నలుగురిలో అనేవాడు.

బసవరాజు తూటాల చప్పుడైనా మరిచిపోయాడు గానీ ఈ మాట మరవలేకపోయాడు. పుస్తకం రాస్తే బామ్మర్ది నోరు మూతపడుతుందనుకున్నాడు. ఎలా రాయాలో చూద్దామని పెద్ద అధికారుల యుద్ధ జ్ఞాపకాలు తెచ్చుకున్నాడు. వాటిలో ఎవరికీ ఆకలి వేయదు, చెమట పట్టదు, కాలు జారదు. ప్రతివాడూ యుద్ధాన్ని తనొక్కడే గెలిపించి, మీసం దువ్వుకుంటూ ఇంటికొస్తాడు. వీరులు ఇలాగే రాస్తారు కాబోలనుకుని ఎండాకాలమంతా కూర్చుని బసవరాజూ రాశాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఉప్పల్ పఠనమందిరంలో దాన్ని చదువుతానన్నాడు. ఫ్యాక్టరీ వాళ్లు సైకిళ్ల మీద వచ్చారు. చలపతిరావు లోపలికి రాకుండా గుమ్మానికి ఆనుకున్నాడు.

బసవరాజు గొంతు సవరించుకున్నాడు. "ఒక నెలలో, ఒక రోజున, ఒక విమానంలో ఒక చోటికి వెళ్లితిమి. అక్కడ ఒక పని చేసితిమి. జయము కలిగెను."

పటాలంలో ఇంటికి రాసే ఉత్తరాలు అధికారి చదివేవాడు. ఊరి పేరు కనబడితే నల్లసిరా పూసేవాడు. ఆ అలవాటు పోక, బసవరాజు తన పుస్తకానికి తనే సిరా పూసుకున్నాడు.

"అన్నా, ఒక చోటు, ఒక పని ఏందే? దొంగతనానికి పోయిన్రా?" అన్నాడు ఫిట్టర్ ఉమామహేశ్వర్. అందరూ గొల్లుమన్నారు.

"నేను జెప్పలే? పోతే గద రాసెటందుకు!" అన్నాడు చలపతిరావు.

బసవరాజు ముఖం వాడిపోయింది. పేజీలు తిప్పాడు. అన్నీ అలాంటివే. కొందరు లేచి సైకిళ్ల దగ్గరికి నడిచారు.

"జర ఆగున్రి!" అంది ముందు వరసలో కూర్చున్న తారామణి. "ఏమయ్యా, దూకినంక యాడ పడ్డవ్? గదన్న జెప్పు."

"కుంటల," అన్నాడతను సిగ్గుపడుతూ. "కుంట నిండ బాతులు. పారాచూట్ బట్ట మీద పడంగనే బెదిరి తలో దిక్కు ఉరికినయి. ఒక ముసలమ్మ వెదురుకట్టె పట్టుకొని వచ్చింది. నా చేతిల తుపాకి ఉన్నది. ఆమెకు అది కానొస్తలేదు, బాతులే కానొస్తున్నయి. నా ఈపు సాపు జేసింది."

"మల్ల నువ్వేం జేసినవ్?"

"ఏం జేస్త? నలుగురు జవాన్లం గల్సి బాతులను తోలుకొచ్చినం."

"గిది రాయకపోతివేంది?"

"గొప్పోళ్ల పుస్తకాలల్ల బాతులు లేవు మరి."

చలపతిరావు గుమ్మం వదిలి ముందు బెంచీ మీదికి వచ్చాడు. "ముసలిదాని చేతుల తన్నులు తిన్ననని ఎవడన్న అబద్ధమాడుతడా? మా బావ యుద్ధానికి పోయిండు. దూకిండు కూడ. బావా, బాతులన్ని దొరికినయా?"

"ఒకటి దొరకలే. దానికోసం మల్ల కొట్టింది."

"ఎట్ల కొట్టిందో సూపియ్యి!"

మూలనున్న చీపురు అందుకుని చలపతిరావే ముసలమ్మ అయ్యాడు. బసవరాజు ప్యాంటు మోకాళ్లదాకా మడిచి బెంచీల మధ్య పరుగు తీశాడు. వెళ్లిపోదామని తాళాలు తీసినవాళ్లు మళ్లీ సైకిళ్లకు తాళాలు వేసి లోపలికొచ్చారు.