ఇప్పపువ్వు రోజుల్లో హుషారు పాఠం

ఆ రోజుల్లో, అంటే రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, నాకు ఇరవై రెండేళ్లు. నాకు తెలియనిది లోకంలో ఏదీ లేదని గట్టిగా నమ్మే వయసు. చండ్రుగొండ దాటాక అడవి అంచున ఉన్న ఓ ఊరి బడిలో విద్యా వాలంటీరుగా చేరాను. తనిఖీకి వచ్చే సారు పుస్తకంలో రాసే నాలుగు ముక్కల మీదే వచ్చే ఏడు నా ఉద్యోగం ఉండేదీ ఊడేదీ. ఆయన ముందుగా కబురు పంపాడు: "పిల్లలు హుషారుగ ఉండాలె." నాకు ఒళ్లు మండిపోయింది. అది ఇప్పపువ్వు రాలే కాలం. పిల్లలు కోడి కూయకముందే ఇంటిల్లిపాదితో అడవికి పోయి పువ్వు ఏరుకొచ్చి, బడి ముందు ఆరబోసి (ఊళ్లో సిమెంటు గచ్చు ఉన్నది బడికొక్కదానికే), ఆ తర్వాత లోపలికి వచ్చి నా పాఠానికి హాయిగా నిద్రపోయేవాళ్లు. చప్పట్లు కొట్టించాను, గంతులు వేయించాను. నిలబెడితే నిలబడే కునికారు.

ఇక లాభం లేదని, ఆ హుషారు అనే మాటనే పాఠంగా చెప్పి సారును మెప్పిద్దామనుకున్నాను. ఆదివారం ఇంటికి వెళ్లినప్పుడు, ఖానాపురం హవేలిలో మా వీధి దర్జీ చాచాను అడిగాను. ఆయన మిషను ఆపకుండానే చెప్పాడు: "అది మా ఉర్దూల హోషియార్ బేటా. అంతకుముందు ఫారసీ. హోష్ అంటే సోయి, ఎరుక. సోయిల ఉన్నోడు హోషియార్. మీ తెలుగులకొచ్చినంక ఎగురుడు, దుంకుడు అయింది." అదంతా నేనే పరిశోధించినట్టు నోటుబుక్కులో ఎక్కించుకున్నాను.

తనిఖీ రోజు సారు వెనక కుర్చీలో కూర్చున్నాడు. నేను బోర్డు మీద 'హుషారు' అని ఇంత లావున రాసి ఫారసీ దగ్గర మొదలుపెట్టాను. ఉర్దూ దాకా వచ్చేసరికి ముందు వరుసలో మిరపకాయ్ (మూడో తరగతి పిల్ల, ఊరంతా పిలిచే పేరు అదే) పలక మీద తల పెట్టి గుర్రు పెట్టింది. "లే!" అని అరిచాను. అది కళ్లు తెరవలేదు కానీ ముక్కు ఎగబీల్చింది.

"సారూ, వానొస్తంది!"

"గింత ఎండల వానేంది? కూసో!"

నా మాట పూర్తయ్యేలోపే తరగతి మొత్తం బయట ఉంది. ఒకరు చీపురు, ఒకరు చాట, నలుగురు గంపలు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. నేను గుమ్మంలో చాక్‌పీసుతో నిలబడి "లోపలికి రాండ్రి! అందరికీ గోడకుర్చీ!" అని గొంతు చించుకుంటుంటే, తనిఖీ సారు నన్ను పక్కకు నెట్టి వెళ్లి పువ్వు మీద కప్పే పరదా కొస పట్టుకున్నాడు.

"ఏందయ్యా చూస్తున్నవ్? ఎండకాలం తిండంత తడుస్తది, గంప పట్టు!"

చివరి గంప లోపలికి చేరిందో లేదో వాన దంచికొట్టింది. ఒక్క పువ్వు తడవలేదు. మిరపకాయ్ మళ్లీ పలక మీద తల పెట్టింది.

సారు పుస్తకంలో రాశాడు: 'పిల్లలు మంచి హుషారు. మాస్టారు వాళ్ల దగ్గర నేర్చుకుంటే ఇంకో ఏడాది ఉంచవచ్చు.' ఉద్యోగం దక్కినందుకు సంతోషించకుండా వారం రోజులు ఉడికిపోయాను.

ఇప్పుడు నలభై దాటాయి. మధ్యాహ్నం కుర్చీలోనే కునుకు పడుతుంటే మా అమ్మాయి నవ్వుతుంది. కానీ గాలి మారితే చాలు, దండెం మీది బట్టల కోసం అందరికంటే ముందు లేచేది నేనే. అప్పుడు గుమ్మంలో నిలబడి అరుస్తున్న ఆ కుర్రాడు గుర్తొస్తాడు. పాపం, ఆ రోజు బడి మొత్తంలో సోయి లేనిది వాడొక్కడికే.