పాము పెట్టెలో ఇలకోళ్ళు

మొన్న హవల్లీలో పెంపుడు జంతువులమ్మే అంగడి ముందునుంచి నడుస్తుంటే, లోపల ఒకాయన దుకాణదారుణ్ణి హిందీలో అడగడం వినబడింది. బాల్కనీలో దొరికిన పురుగులను చంపబుద్ధి కాలేదట, ఇంట్లో పెంచుకుంటున్న పాము పెట్టెలో వదిలెయ్యవచ్చా అని. దుకాణదారు నోరు తెరిచేలోపే గుమ్మంలోంచి నేను "వద్దు భయ్యా" అనేశాను. ఇద్దరూ తిరిగి చూశారు. చేతిలో కొత్తిమీర సంచితో నిలబడ్డ యాభై ఏళ్ళ ఆడమనిషికి పాముల సంగతేం తెలుసనుకున్నారో. నాకు తెలిసింది ఒకే పాము. అది చాలు.

కొన్నేళ్ళ కిందట రుమైథియాలో ఒక అరబ్బుల ఇంట్లో పనిచేసేదాన్ని. ఆ ఇంటి కూతురు యూనివర్సిటీలో చదివేది. నారింజ రంగు మచ్చల పామునొకదాన్ని పెంచుకునేది. విషం లేనిదే, కానీ రాయచోటి వైపు పుట్టిన నాకు పామంటే ముందు కర్రే గుర్తొస్తుంది. దాని అద్దాల పెట్టె నా మంచం కన్నా పొడవు. అడుగున మెత్తటి మట్టి, ఓ మూల వెచ్చటి దీపం, దాక్కోవడానికి బోలు దుంగ. వారానికొక చచ్చిన ఎలుక దాని భోజనం. మొదట్లో ఆ గది తలుపు దగ్గరనుంచే ఊడ్చేదాన్ని. ఏడాది తిరిగేసరికి నీళ్ళగిన్నె మార్చడం దాకా వచ్చాను.

ఆ చలికాలం మొదట్లో ఇంటిల్లిపాదీ వారం రోజులు టర్కీ వెళ్ళారు. "అది కుబుసం విడవబోతోంది, కళ్ళు కనబడవు. నీళ్ళు మార్చు, ఇంకేం చెయ్యకు" అని చెప్పి వెళ్ళింది అమ్మాయి. ఇంట్లో నేనూ, కోనసీమనుంచి వచ్చిన డ్రైవరన్నా మిగిలాం. మరునాడు తోటలో పురుగుల మందు కొట్టేవాళ్ళు వచ్చారు. వానలు పడ్డాయేమో, గోడ పొడుగునా కీచుమని అరిచే ఇలకోళ్ళూ నల్ల పురుగులూ. మందు వాసనకు అవి వంటింటి గడపలోకి దూకుతుంటే ప్రాణం ఉసూరుమంది. ఒక ప్లాస్టిక్ డబ్బాలోకి ఏరాను.

"ఈటిని యాడ పెట్టేదన్నా?" అన్నాను.

"ఆయ్, పాము పెట్టెలో పెట్టేద్దారండి. మట్టుంది, నీళ్ళున్నాయి. అది ఎలకల్ని తప్ప ముట్టదు కదండీ" అన్నాడు అన్న.

పాము పురుగులను తింటుందా అని ఇద్దరం ఎంతో ఆలోచించాం. పురుగులు పామునేం చేస్తాయోనన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. సాయంత్రం ఇలకోళ్ళ అరుపు విని, పుణ్యం చేశానని మురిసిపోయాను కూడా.

మూడో రోజు పొద్దున నీళ్ళగిన్నెలో రెండు నల్ల పురుగులు వెల్లకిలా చచ్చి తేలాయి. పాము దుంగలోంచి బయటికొచ్చి అద్దానికి ఒంటిని రుద్దుతోంది. కళ్ళు పాలు పోసినట్టున్నాయి. తోక దగ్గర మూడు ఇలకోళ్ళు అంటిపెట్టుకుని కొరుకుతున్నాయి. వాటి కింద చర్మం లేచి ఎర్రగా చెమరుస్తోంది. అన్నను కేకేశాను.

అన్న వచ్చి చూసి గొంతు తగ్గించాడు. "చెప్పకండి చెల్లెమ్మా. పురుగుల్ని ఏరేసి పెట్టె తుడిచేద్దారి. మీ ఇఖామా రెన్యువల్ కూడా ఈ నెల్లోనే కదండీ. వాళ్ళొచ్చేసరికి మానిపోద్ది."

"సచ్చిపోతే?"

ఫోను చేతిలోకి తీసుకున్నాను. ఇక్కడ ఉండనిచ్చే ఆ ఇఖామా కాగితం పొడిగించకుండా ఇంటికి పంపేస్తే మా చిన్నదాని నర్సింగు చదువు అక్కడితో ఆగిపోతుంది. ఆ పాము మళ్ళీ అద్దానికి తల ఆనించింది. వీడియో కాల్ చేశాను.

అమ్మాయి చూసింది. తర్వాత, "దాన్ని బయటికి తియ్యి" అంది.

"నేనా?"

"నువ్వే. రెండు చేతులూ దాని ఒంటి కింద పెట్టు. పిసక్కు. యల్లా, తొందరగా."

కళ్ళు మూసుకుని చేతులు పెట్టాను. తడిగా జారుతుందనుకున్న ఒళ్ళు పొడిగా, నిండుగా ఉంది. భయంతో అది నా మణికట్టుకు చుట్టుకుంది, నేనూ భయంతో దాన్ని వదల్లేదు. శుభ్రమైన డబ్బాలో కాగితం పరిచి ఉంచాం. జంతువుల డాక్టరు దగ్గరికి అన్న కారు తీశాడు. దారిపొడుగునా డబ్బా ఒళ్ళో పెట్టుకుని దాని ఊపిరి చూస్తూ కూర్చున్నాను. బయటి పురుగుల మీద మందూ, రక్తం పీల్చే సన్న పురుగులూ ఉండొచ్చనీ, ఆకలేసిన ఇలకోళ్ళు కదలని పామును కొరుకుతాయనీ డాక్టరు చెప్పాడు. పెట్టెలోని మట్టంతా పారెయ్యమన్నాడు. బతుకుతుందా అంటే, కుబుసం విడిచేదాకా చెప్పలేనన్నాడు.

అది విడవకముందే వాళ్ళు తిరిగొచ్చారు. మేం మామా అని పిలిచే ఇంటి యజమానురాలు హాల్లోనే నిలబెట్టి అడిగింది, ఎవరు పెట్టారని. అన్న గుమ్మం దగ్గర తల దించుకున్నాడు.

"నేనే మామా" అన్నాను.

"ఖలాస్, ఇంతటితో సరి. ఇక ఆ గదిలోకి వెళ్ళకు" అంది. ఇఖామా మాట ఎత్తలేదు. ఆ మౌనమే నన్ను రోజూ చంపింది.

వాళ్ళొచ్చిన ఐదో రోజు అమ్మాయి వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుని ఆ గదికే లాక్కెళ్ళింది. ముక్కలు ముక్కలుగా కుబుసం, పక్కన తళతళలాడుతూ పాము. తోక దగ్గర బియ్యపు గింజంత నల్ల మచ్చ. "అప్పుడే ఫోన్ చేశావు కాబట్టి" అంది అమ్మాయి. ఆ వారమే నా ఇఖామా కాగితాల మీద సంతకమైంది.

ఆ ఇంట్లో ఇంకొన్నాళ్ళున్నాను. మామా కోపం ఎప్పుడు పోయిందో గుర్తులేదు. మచ్చ మాత్రం ప్రతి కుబుసంతోనూ కాస్త పలచబడి, నాలుగో దానికి వెతికినా కనబడలేదు. ఎన్నో క్యాలెండర్లు మార్చాను గానీ, నా కళ్ళముందు గడిచినట్టు కాలం నాకు కనబడింది ఆ నాలుగు కుబుసాల్లోనే.