సముద్రం మన రాష్ట్రంలో ఉండగానే: మానుకోట నుంచి విశాఖకు తక్కువ ఖర్చు ప్రయాణం

ఈ ప్రయాణానికి కారణం మా మేనత్త యాకమ్మ అడిగిన ఒక ప్రశ్న. తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా సాగుతున్న రోజులవి. నేను మహబూబాబాద్‌లో, మా నోటి మాటలో చెప్పాలంటే మానుకోటలో, ఒక ప్రైవేటు బడిలో సాంఘిక శాస్త్రం చెప్పేదాన్ని. మా సొంతూరు లింగాల ఘనపూర్ దగ్గర పల్లె. బంద్ వల్ల బడి మూతపడితే ఊరికి వెళ్లాను. అత్త పత్తి చేనులోంచి వచ్చి, వాకిట్లో కాళ్లు కడుక్కుంటూ అడిగింది.

"రేణుకా, మనకు రాష్ట్రమస్తే సముద్రం ఎవలకు పోతది?"

"ఆంధ్రోళ్లకే పోతది అత్తా. మన దిక్కు సముద్రం యాడున్నది?"

"మరి మనదున్నప్పుడే ఒక్కపాలి జూసొద్దాం పా. రేపు వేరే రాష్ట్రమైనంక పర్మిషన్ కావాలంటరేమో."

పర్మిషన్ ఏమీ అక్కర్లేదని ఎంత చెప్పినా వినలేదు. అత్తకు అప్పటికి యాభై అయిదేళ్లు. నాట్లు వేసే కూలి జట్టుకు ఇరవై ఏళ్లుగా ఆమే పెద్ద. తన కోసం ఎవరినీ ఏదీ అడిగిన మనిషి కాదు. ఆమె చూసిన పెద్ద నీళ్లంటే కాళేశ్వరం దగ్గర గోదావరి మాత్రమే, అది కూడా పుష్కరాలకు భూపాలపల్లి మీదుగా లారీలో వెళ్లినప్పుడు. "ఆడ అవతలి ఒడ్డు కనవడ్తది బిడ్డా. కనవడని నీళ్లు జూడాలె," అంది. అలా అడిగాక కాదనడం నా వల్ల కాలేదు.

మా ప్రాంతం వాళ్లకు ఊరూ సముద్రమూ రెండూ ఒకే టికెట్‌లో దొరికే చోటు విశాఖపట్నమే. గోవాకు వెళ్లాలంటే రైళ్లు మారాలి, గదుల అద్దెలు ఎక్కువ. చెన్నైలో భాష కష్టం. విశాఖకైతే కాజీపేట, మానుకోట మీదుగా నేరుగా బండి ఉంది. అప్పట్లో స్లీపర్ టికెట్ మనిషికి రెండు వందల లోపే. వారం ముందు రిజర్వేషన్ చేయిస్తే చాలు. అయితే ఆ రోజుల్లో పంచాంగం కన్నా ముందు బంద్‌ల తేదీలు చూసుకోవాల్సి వచ్చేది. రెండు బంద్‌ల మధ్య నాలుగు రోజులు ఖాళీ చూసి, ఫిబ్రవరిలో బయల్దేరాం. అత్త జనగామలో ప్యాసింజరు ఎక్కి, కాజీపేటలో బండి మారి, చేతిసంచిలో జొన్నరొట్టెలు, పుంటికూర తొక్కుతో మానుకోటలో దిగింది. ఇద్దరం సాయంత్రం బండి ఎక్కాం.

బండి కదిలాక ఆమెకు ఒక మాట చెప్పాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది, కానీ చెప్పాను. "అత్తా, ఆడ జర తక్కువ మాట్లాడు."

"ఎందుకే?"

"మన మాటకు నవ్వుతరు."

నేను బీఈడీ గుంటూరులో చదివాను. హాస్టల్లో మొదటి రోజు "యాడికి పోతున్నవ్?" అని ఒక అమ్మాయిని అడిగితే గదంతా నవ్వింది. సినిమాల్లో హాస్యగాడి పక్కన ఉండే రౌడీలా మాట్లాడుతున్నానన్నారు. ఆ రోజు నుంచి ఊరు దాటితే పుస్తకాల తెలుగు మాట్లాడటం అలవాటు చేసుకున్నాను. తరగతిలో కూడా అదే. అత్త నా ముఖం చూసి, "నవ్వితే వాళ్ల పండ్లు గనవడ్తయి. మనకేం పోయింది?" అని, ముసుగు తన్ని పడుకుంది.

తెల్లారేసరికి అన్నవరం దాటాం. ఆరున్నరకు విశాఖ. స్టేషన్ బయట ఆటోవాళ్లు చుట్టుముడతారు, కంగారు పడవద్దు. నడిచిపోయే దూరంలోనే సత్రాలు ఉన్నాయి. రెండు మంచాలు, ఒక ఫ్యాను, శుభ్రమైన స్నానాల గది ఉన్న చోట రోజుకు నూట యాభైకి గది దొరికింది. స్నానం చేసి సిటీ బస్సులో తొమ్మిదింటికల్లా బీచ్ రోడ్డులో దిగాం. ఎండ ముదరక ముందే చేరడం మంచిది.

అత్త మెట్లు దిగుతూ దిగుతూ ఆగిపోయింది. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అవతలి ఒడ్డు కోసం వెతికింది. ఆ తర్వాత, "గిన్ని నీళ్లు వెట్టుకొని ఒక్క మడి పారదా?" అంది. వానలు లేక బోర్లు ఎండిపోయే జనగామ నేల మీద ఇరవై ఏళ్లు నాట్లు వేసిన మనిషి అడిగే ప్రశ్నే అది. చీర కుచ్చిళ్లు పైకి దోపి, చేతిసంచి నాకిచ్చి, అలలోకి వెళ్లింది. నీళ్లు వెనక్కి లాగినప్పుడు పాదాల కింద ఇసుక జారిపోయేసరికి, "రేణుకా! భూమి పోతాంది!" అని అరిచింది. చుట్టుపక్కల వాళ్లంతా చూశారు. నేను నవ్వాను గానీ, ఆ అరుపు వినిపించకుండా ఉంటే బాగుండునని కూడా అనుకున్నాను.

ఇసుక మీదకు తెచ్చి నిలిపిన జలాంతర్గామిని చూసి, మధ్యాహ్నం ఒక సందులో మెస్సుకు వెళ్లాం. హార్బరు కూలీలు, ఆఫీసు గుమాస్తాలు తినే చోటు. ముప్ఫై అయిదు రూపాయలకు అన్నం, పప్పు, చేపల పులుసు. తిన్నంత వడ్డిస్తారు. ఆ మెస్సు నడిపే అప్పలనరసమ్మ గారే స్వయంగా వడ్డిస్తూ, "ఎక్కడోల్లమ్మా మీరు?" అని అడిగారు. నేను పుస్తకాల తెలుగులో "వరంగల్ వైపు నుంచి వచ్చామండి" అంటుండగానే, అత్త "జనగామ దిక్కు, లింగాల గనపురం" అనేసింది.

పక్క బల్ల దగ్గర ఒకాయన చెయ్యి ఆపి, "ఇడిపోతామంతన్నారు, మల్లీ మా సముద్రానికే ఒచ్చినారేటి?" అన్నాడు. సగం వేళాకోళం, సగం నిజం. రెండు బల్లల వాళ్లు నవ్వారు. నేను ఆకు మీదకు తల వంచేశాను.

అత్త నింపాదిగా పులుసు కలుపుకుంటూ జవాబిచ్చింది. "మా నీళ్లు, మా కొలువులు మాక్కావాలె అంటున్నం నాయినా. మీ సముద్రం ఎత్కపోతమన్నమా? ఏర్లు పడ్డోళ్లు గోడ మీదికెళ్లి కూర గిన్నె ఇచ్చుకోరా? నువ్వు మా ఊరికి రా. పుంటికూర తొక్కుతోని అన్నం వెడ్త."

ఆయన ఆమె సంచి వైపు చూసి, "తొక్కంటే ఏటమ్మా?" అన్నాడు. అత్త సంచిలోంచి డబ్బా తీసి ఆయన ఆకులో కాస్త వేసింది. "గోంగూర పచ్చడే గదా!" అంటూ మళ్లీ చెయ్యి చాపాడు. అప్పలనరసమ్మ గారు నడుం మీద చెయ్యి పెట్టుకుని నవ్వారు. "మీ మాటకీ నవ్వుతారు, మా సీకాకులం మాటకీ నవ్వుతారు సినిమాల్లో. నానైతే మానీలేదు. నీకేటి తల్లీ, అంత సన్నంగా మాటాడతన్నావు?" ఆ ఆఖరి మాట నన్నే అడిగారు.

మర్నాడు భీమిలి వెళ్లాం. విశాఖ బస్టాండైన కాంప్లెక్స్ నుంచి బీచ్ రోడ్డు మీదుగా వెళ్లే బస్సు ఎక్కి కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి. గంట సేపు సముద్రం మీ పక్కనే వస్తుంది, ఇరవై రూపాయల టికెట్‌కు అంతకన్నా మంచి విహారం లేదు. భీమిలిలో జనం తక్కువ. పడవల దగ్గర అత్త ఒక జాలరి ఆడమనిషితో వల అల్లికల గురించీ, కూలి రేట్ల గురించీ మధ్యాహ్నం దాకా మాట్లాడింది. ఒకరి మాట ఒకరికి పూర్తిగా అర్థమైందని నేననుకోను. ఇద్దరికీ అది పట్టలేదు.

మూడో రోజు పొద్దున్నే పగటి బండిలో కూర్చునే సీట్లకు టికెట్ తీసుకుని తిరిగి బయల్దేరాం. మా ఎదుటి సీట్లో అనకాపల్లిలో ఎక్కిన వృద్ధ దంపతులు. ఆయనకు హైదరాబాద్‌లో కంటి ఆపరేషన్. ఆవిడ పేరు వరలక్ష్మి. విజయవాడ దాటే దాకా బాగా కబుర్లు చెప్పారు. ఖమ్మం దాటేసరికి గొంతు తగ్గించారు. పెట్టె సగం ఖాళీ. మధ్యాహ్నం మూడు కావస్తుండగా, గార్ల దాటాక బండి ఆగిపోయింది. ముందు పట్టాల మీద జనం, జెండాలు, డప్పుల మోత. రైల్ రోకో.

గంట గడిచింది. వరలక్ష్మి గారు భర్త చొక్కా గుండీలు విప్పి కొంగుతో విసురుతున్నారు. ఆయన ముఖమంతా చెమట, చేతులు వణుకుతున్నాయి. "ఈయనకి సుగరమ్మా. బెజవాడలో మాత్ర వేసుకున్నారు. ఖమ్మంలో భోజనం కొందామనుకుంటే ఎవరూ అమ్మడానికి రాలేదు," అన్నారు చాలా మెల్లగా. మా రొట్టెలు పొద్దుటే అయిపోయాయి. దిగి అడగమంటే ఆవిడ తల అడ్డంగా ఊపారు. "మా మాట వింటే ఏమంటారో."

ఆ భయం నాకు తెలుసు. రెండు రోజుల క్రితం మెస్సులో నేను గొంతు సన్నం చేసుకున్నది ఆ భయంతోనే. అత్త అప్పటికే చెప్పులేసుకుంటోంది. ఇద్దరం కంకర మీద దిగి ఇంజను దాకా పరుగెత్తాం.

పట్టాల పక్కన వంటావార్పు నడుస్తోంది. అంటే నిరసనగా అక్కడే పొయ్యిలు పెట్టి, వండి, అందరూ కలిసి తినడం. చుట్టుపక్కల తండాల ఆడవాళ్లు వాళ్ల భాషలో మాట్లాడుకుంటూ పెద్ద గిన్నెల్లో పులిహోర కలుపుతున్నారు. సంగతి చెప్పి కాస్త అన్నం, ఏదైనా తీపి కావాలన్నాను. జెండా పట్టుకున్న ఒకతను అడ్డం వచ్చాడు.

"ఎవలకక్కా? ఆంధ్రోళ్లకా?"

అత్త నోరు తెరిచేలోపు నేనే మాట్లాడాను. ఏ తెలుగు మాట్లాడాలో ఆలోచించే తీరిక కూడా లేదు. "ఔ అన్నా, ఆంధ్రోళ్లకే. ముసలాయినకు తిండి లేక షుగర్ పడిపోయి పానం మీదికొచ్చింది. మనం బండి ఆపినం గని మనిషి పానం ఆపుతమా? జర జల్దీ ఇయ్యుండ్రి!"

అతను పక్కకు తప్పుకున్నాడు. జెండా పక్కనున్నతని చేతికిచ్చి, నీళ్ల క్యాను భుజాన వేసుకుని, "ఏ పెట్టె?" అంటూ ముందు నడిచాడు. పులిహోర కలుపుతున్న మంగ్లీ అనే ఆమె ఒక ఆకులో అన్నం, బెల్లం గడ్డ చేతిలో పెట్టుకుని మా వెంట వచ్చింది. "ముందుగాల బెల్లం నోట్లె వెట్టుండ్రి. ఎనక అన్నం," అంది.

బెల్లం చప్పరించిన పావుగంటకు పెద్దాయన చేతుల వణుకు తగ్గింది. కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగారు. పులిహోర అంతా తిన్నారు. అప్పటిదాకా నిబ్బరంగా ఉన్న వరలక్ష్మి గారు అప్పుడు ఏడ్చారు. "పరేషాన్ గాకు చెల్లె, కుదురుకున్నడు," అని అత్త ఆమె వీపు నిమిరింది. నీళ్ల క్యాను తెచ్చినతను ఆగి, హైదరాబాద్‌లో ఏ స్టేషన్‌లో దిగితే దవాఖాన దగ్గరవుతుందో పెద్దాయనకు రెండుసార్లు విడమరిచి చెప్పాడు. కాసేపటికి వరలక్ష్మి గారు తామే బండి దిగి, వంట జరుగుతున్న చోటికి వెళ్లి, గొంతు తగ్గించకుండా, "మీరు చల్లగా ఉండాలమ్మా, మీ ఊరు పేరేటి?" అని మంగ్లీని అడిగారు. ఎవరూ నవ్వలేదు. ఆమెకు కూడా ఒక ఆకు వేసి కూర్చోబెట్టారు.

అయిదున్నరకు బండి కదిలింది. పొద్దు గూకే వేళకు మానుకోటలో దిగాం.

మూడు రోజులకు ఇద్దరికీ కలిపి అంతా పదిహేను వందల లోపే అయింది. ఇప్పుడు ఛార్జీలు పెరిగి ఉంటాయి, కానీ మా వైపు నుంచి ఊరూ సముద్రమూ కలిపి చూడాలంటే నేటికీ అంత చవకైన దారి నాకు తెలియదు. నేను చూడబోయింది అత్త ముఖంలో సముద్రం. చూశాను, అది చాలా బాగుంది. అయితే ఆ కంకర మీద నా నోటి నుంచి వచ్చిన మాట నాకే కొత్తగా వినిపించింది. పరాయి ఊళ్లో మాట దాచుకున్న నా భయమూ, మా దిక్కుకొచ్చి గొంతు తగ్గించిన వరలక్ష్మి గారి భయమూ ఒకటేనని అక్కడే అర్థమైంది. బడి తెరిచాక మొదటి రోజు తరగతిలో, "ఇయ్యాల మనం తూర్పు తీరం గురించి సదువుకుందం," అన్నాను. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ రోజు వాళ్లు అడిగినన్ని ప్రశ్నలు అంతకు ముందు ఏడాదంతా అడగలేదు.

బయల్దేరేవాళ్లకు ఒక్క సూచన: పగటి బండి అయినా సరే, మీకు కావలసిన దానికన్నా ఒక పూట తిండి ఎక్కువ కట్టుకోండి. జొన్నరొట్టెలైతే రెండు మూడు రోజులు చెడవు. వాటితో పాటు ఒక బెల్లం గడ్డ వేసుకోండి. అది మీకు అవసరం పడకపోవచ్చు, ఎదుటి సీట్లో వాళ్లకు పడవచ్చు.