గుక్కెడు మజ్జిగ

బద్వేలు దగ్గర మా ఊరి చర్చిలో చాపలు పరిచే పెద్దమ్మకు ఒక అలవాటుండేది. ఎవరికి ఏ కష్టమొచ్చినా కొంగు నెత్తిమీదికి లాక్కుని "నేనుంటా ఉపవాసం" అనేది. అమెరికా చదువు కోసం వీసా ఇంటర్వ్యూకు పోతుంటే నాకూ అదే మాటిచ్చింది.

హైదరాబాదులో ఆఫీసరు, ఈ యూనివర్సిటీనే ఎందుకు ఎంచుకున్నావని అడిగింది. బట్టీపట్టిన జవాబు గడగడా అప్పజెప్పాను. అది నేను అప్లై చేసిన ఇంకో యూనివర్సిటీ గురించి రాసుకున్న జవాబని తర్వాత తెలిసొచ్చింది. వీసా ఇవ్వలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక తలవంచుకుని బయటికి పోతుంటే, పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. నా ముఖం చూడలేకపోయింది.

"తప్పు నాది పాపా. ఆ పొద్దు శెనక్కాయ చేన్లో కలుపు తీస్తాంటే కండ్లు తిరిగినాయి. గుక్కెడు మజ్జిగ తాగినా. దేవుడు చూడకుండా ఉంటాడా?"

"కాదు పెద్దమ్మా, జవాబు నేనే తప్పు చెప్పినా."

"శానా సదివినదానివి, నువ్వెట్ల తప్పు చెప్తావు? నేను బాధపడతానని అట్లంటాండావు."

ఎంత చెప్పినా నమ్మలేదు. చాప చుట్టుకుంటూ, "మళ్లా ఎప్పుడు పిలుస్తారో చెప్పు. ఈతూరి నీళ్లు గూడా ముట్టను" అంది.

మళ్లీ అప్లై చేస్తే పిలిచారు. ఆమెకు చెప్పకుండా, దొంగలా బస్సెక్కాను.