మంత్రిగారి రాజీనామా

మొన్న శనివారం మా అమ్మాయిని యూనివర్సిటీలో దింపడానికి మేముండే అల్ఫారెట్టా నుంచి డ్రైవ్ చేసుకుంటూ వెళ్లి, తను డార్మ్‌లో గది సర్దుకునే లోపు కాలక్షేపానికి లైబ్రరీలోకి అడుగుపెడితే, మెట్ల పక్క గోడ మీద మా పాత ఇంటాయన ఫోటో కనిపించింది. కింద గ్రీకు ప్రభువంశీయుడు, రాజనీతిజ్ఞుడు, పండితుడు అని రాసి పెట్టారు. నాకైతే ఆయన సార్, అంతే. ఇంకెవరైనా అయితే పక్కన నిలబడి ఓ సెల్ఫీ దిగేవారేమో, నేను మాత్రం దొంగలా తల దించుకుని బయటికి వచ్చేశాను.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, హెచ్‌వన్ వీసా మీద కొత్తగా దిగిన ఆ రోజులు, ప్రాజెక్టు ఎన్నాళ్లుంటుందో తెలియక సోఫా కొనుక్కోవడానికి కూడా జంకిన రోజులు. అప్పుడు నాకూ మా ఆవిడకూ తమ ఇంటి బేస్‌మెంట్ అద్దెకిచ్చిన ముసలి దంపతులు సారూ, ఆయన భార్యానూ. ఆవిణ్ని మేం ఆంటీ అనేవాళ్లం. సార్‌ది ఏదో దీవిలో పేరుమోసిన వంశమట. బిరుదులు పోయినా చదువు మిగిలింది. తమ ప్రాచీన గ్రంథాలన్నీ ఔపోసన పట్టి, రాజకీయాల్లోకి దిగి, విద్యాశాఖ మంత్రి అయ్యి, సైన్యం గద్దెనెక్కాక దేశం వదిలి అమెరికా వచ్చి, ఆ యూనివర్సిటీలోనే పాఠాలు చెప్పుకుంటూ బతికారు. అడుగున మడ్డి మిగిలే కాఫీ చిట్టి కప్పులో పోసిచ్చి, ఆయన వాళ్ల నాటకాల గురించి చెబుతుంటే, పద్యనాటకాల పిచ్చి ఉన్న మా తాతయ్య దగ్గర కూర్చున్నట్టే ఉండేది. మొదటిరోజు నేను ఆ మడ్డి కూడా తాగేసి పొలమారితే, ఆయన కళ్లు తుడుచుకుంటూ నవ్వారు.

తర్వాత ఆయనకు మతిమరుపు వచ్చింది. ఊళ్లూ ఏళ్లూ కలిసిపోయి, తాను ఇంకా మంత్రినే అనుకునేవారు. పొద్దున్నే ఆంటీ వంటింట్లో ఉండగా నల్ల సూటు, టై వేసుకుని మా మెట్లు దిగొచ్చి, నేను ప్రధానమంత్రి కార్యదర్శిననుకుని, తనకీ పదవి వద్దని, దయచేసి రాజీనామా ఒప్పుకోమని ఇంగ్లిష్‌లో ఎంతో నెమ్మదిగా అడిగేవారు. మన పెంపకం సంగతి మీకు చెప్పాలా? పెద్దవాళ్లు తప్పుకుంటామంటే వెంటనే సరే అనడం మెడపట్టి గెంటడమే కదా! అందుకని చేతులు కట్టుకుని, మీరు లేకపోతే ఎలా సార్, మీరే ఉండాలి అనేవాణ్ని. ఆయన కాసేపు నా మొహంలోకి చూసి, తలూపి, పైకి వెళ్లిపోయేవారు. మర్నాడు మళ్లీ అదే సూటు, అదే అడగడం. పెద్దాయన మనసు నొప్పించకుండా నెగ్గుకొస్తున్నానని నాకు లోలోపల గర్వంగా కూడా ఉండేది.

మా ఆవిడ మాత్రం ఒకరోజు నా లంచ్ బాక్స్‌కి మూత పెడుతూ, "పాపం, అంతలా అడుగుతుంటే ఓకే చెప్పెయ్యొచ్చుగా? ఆయన రిజైన్ చేస్తే మనకేం పోయింది?" అంది. పెద్దాయన్ని పొమ్మంటామా, నీకసలు బుద్ధుందా అని కసిరాను.

ఆ ఏడు మేం సెలవులకు ఇండియా వెళ్లి వచ్చేసరికి, సార్ పాత స్వెటర్‌లో పెరట్లో కూర్చుని హాయిగా పుస్తకం చదువుకుంటున్నారు. నేను కనిపించక ఆంటీనే అడిగారట. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, రాజీనామా ఆమోదించాం, దేశం తరఫున కృతజ్ఞతలు అని చేయి కలిపిందట. ఆయన అక్కడే టై విప్పేసి, ఆకలేస్తోందన్నారట. నేను అప్పుడైనా నోరుమూసుకోవాల్సింది. రోజూ ఆయన్ని ఏం చెప్పి ఎంత మర్యాదగా ఆపేవాణ్నో గొప్పగా చెప్పుకున్నాను. ఆంటీ చేతిలో కప్పు కింద పెట్టేసి, అసలు సంగతి చెప్పింది.

ప్రభుత్వానికి నచ్చని మేష్టర్లను ఉద్యోగాల్లోంచి తీసేయమన్నప్పుడు సార్ నిజంగానే రాజీనామా చేయబోయారట. తనను కొడుకులా చూసుకునే ప్రధానమంత్రి భుజం మీద చేయి వేసి, నువ్వు లేకపోతే ఎలా అన్నాడట. ఆ మొహమాటానికి ఉండిపోయి, ఆ ఉత్తర్వుల మీద తన చేత్తోనే సంతకాలు పెట్టారట. బతికినంతకాలం అదే ఆయన్ని తొలిచేసింది. మతి పోయాక కూడా ఆ ఒక్కటీ దిద్దుకుందామని వస్తుంటే, నేను సరిగ్గా అదే మాట చెప్పి రోజూ వెనక్కి పంపాను. నీకు తెలియదు కదా అంటూ ఆంటీ నా చేయి నిమిరింది గానీ, మా ఆవిడకు ఇదంతా తెలియకుండానే తోచిన సంగతి నాకెందుకు తోచలేదు? ఆ వేసవి దాటకుండానే సార్ పోయారు.

ఇప్పుడు రోజులు మారాయి. మా టీమ్‌లో కుర్రవాళ్లు రెండు వాక్యాల మెసేజ్ పెట్టి ఉద్యోగం మానేస్తారు, మిగతావాళ్లు కంగ్రాట్స్ అనేసి పనిలో పడతారు. ఇదేం మర్యాదరా అని మొదట్లో మనసు చివుక్కుమనేది. ఇప్పుడు ఎవరైనా వచ్చి మానేస్తున్నానండీ అంటే, కారణం కూడా అడక్కుండా, సరే నాన్నా, వెళ్లు అంటాను. అనడానికి ఒక్క క్షణం పట్టదు. ఆ క్షణం కోసమే సార్ అన్ని పొద్దులు నా ఎదుట నిలబడ్డారు.