నల్ల కారు స్టార్టయిన రోజు

మా తమ్ముడికి పొగరు ఎక్కువ. ఆ మాట ముందే చెప్పేస్తే నాకూ తేలిక, చదివేవాళ్లకూ తేలిక. మా ఇంట్లో పొగరు లేనివాళ్లు పుట్టనే లేదు. నాలుగో తరగతిలో బడి మానేసినదాన్నయినా నేను ఇంతవరకు ఎక్కడా వేలిముద్ర వేసి ఎరగను.

వాడు కార్ల కరెంటు మేస్త్రి. దీపం వెలగకపోయినా, హారన్ మోగకపోయినా, తాళం తిప్పితే సెల్ఫ్ తిరగకపోయినా జనం వాడి దగ్గరికే వచ్చేవాళ్లు. పాత కార్లంటే ప్రాణం పెట్టేవాడు. "కొత్తవాటికి రోగమొస్తే కంప్యూటర్‌ని అడగాలి. పాతవాటికి నన్నడిగితే చాలు" అనేవాడు. భార్య పోయాక కూతురి ఇంట్లో ఉంటూ, అల్లుడి షెడ్డులో పనిచేసేవాడు. ఆ షెడ్డు ఒకప్పుడు వాడిదే. అల్లుడు వాడి దగ్గర పని నేర్చుకున్నవాడే. మా వాడు నోటితో నేర్పింది తక్కువ, చేత్తో నేర్పింది ఎక్కువ. "గాడిదా, వైరుకి రెండు కొసలుంటాయిరా!" అని పదిమందిలో నెత్తిన మొట్టేవాడు. తర్వాత ఆ గాడిదకే పిల్లనిచ్చాడు. ఇచ్చాక కూడా మొట్టడం మానలేదు.

రెండేళ్లుగా వాడి కళ్లకు పొర కమ్ముతోంది. మందు సీసా మీద అక్షరాలు నాచేత చదివించుకునేవాడు. "డాక్టరుకి చూపించుకోరా" అంటే, "పని తెలిసినవాడికి వేళ్లే కళ్లు, నువ్వూరుకో అక్కా" అని కసిరేవాడు. పాత కార్లలో వైర్ల మీద గుడ్డ తొడుగు ఉంటుంది. ఏళ్ల తరబడి నూనె పీల్చి అన్నీ మట్టిరంగులోకి వస్తాయి. కళ్లున్నవాడికే ఏది ఏ రంగో తెలియదు కాబట్టి వాడి గుట్టు అన్నాళ్లు దాగింది. కొత్త కార్ల దగ్గర బయటపడింది. బ్రేకు దీపం వైరు తీసుకెళ్లి ఇండికేటర్‌కి కలిపాడు. ఒకసారి కాదు, మూడుసార్లు.

అప్పుడే ఒక పళ్ల డాక్టరు నల్ల కారు షెడ్డుకి వచ్చింది. ఆయన తండ్రి నాటిది. నాలుగు నెలలుగా స్టార్ట్ కావడం లేదు. వేరే మేస్త్రులు ఇద్దరు చేతులెత్తేశారు. అల్లుడు పనివాళ్లందరి ముందూ అన్నాడు:

"మామయ్యా, శనివారంలోగా దీన్ని స్టార్ట్ చేశారా, ఆ మూల స్టూలు మీరున్నంతకాలం మీది. చెయ్యలేదా, ఇక మీకు రోజూ ఆదివారమే."

మేనకోడలు ఉద్యోగానికి పోతుంది కాబట్టి మధ్యాహ్నం క్యారియర్ నేనే పట్టుకెళ్లేదాన్ని. శనివారం వెళ్లేసరికి కారు చుట్టూ జనం. డాక్టరు కూడా ఉన్నాడు. మా వాడు ముందు దీపాలు వేయించి, తాళం తిప్పమన్నాడు. టక్కుమని ఒక్క చప్పుడు. దీపాలు మాత్రం అలాగే వెలుగుతున్నాయి.

"చూశారా! బ్యాటరీకేం రోగం లేదు, సెల్ఫ్‌కేం రోగం లేదు. ఆ మహానుభావులు రెండూ కొత్తవి కొనిపించారు. దారిలో ఎక్కడో కరెంటు నలుగుతోంది, అంతే."

ఇంకో రెండుసార్లు తిప్పించి, కారు కిందకు దూరి తడిమాడు. ఇంజన్ నుంచి కారు ఒంటికి వెళ్లే ఎర్తు పట్టీ ఒకటుంటుందట. దాని బోల్టు దగ్గర చెయ్యి ఆగింది. "కాలుతోంది" అన్నాడు. కరెంటు నలిగిన చోట వేడెక్కుతుంది. బ్యాటరీ విప్పించి, బోల్టుకి పట్టిన తుప్పు పోయి మెరిసేదాకా గీకి, బిగించాడు. ఆ పావుగంట వాణ్ని చూసి తీరాలి. ఇద్దరు మేస్త్రులు నాలుగు నెలల్లో చూడలేనిది గుడ్డివాడు పట్టుకున్నాడు.

ఇక బ్యాటరీ తిరిగి పెట్టాలి. దానికి రెండు తీగలు. ఇప్పటి కార్లకు మైనస్ తీగ కారు ఒంటికి పోతుంది. ఆ కాలం నాటి కొన్నిటికి ప్లస్ పోతుంది.

"ఇలాంటి బండికి ప్లస్సు బాడీకి! ఈ సంగతి తెలియనివాళ్లు కూడా షెడ్డులు నడిపేస్తున్నారు" అని అల్లుడికి వినబడేలా అన్నాడు.

బ్యాటరీ మీద తీగలు తగిలించే గూటాల్లో ప్లస్‌ది కాస్త లావు, మైనస్‌ది సన్నం. వాడు పెట్టబోయిన తీగల కొసల క్లాంపుల్లో ఒకటి పట్టడం లేదు, రెండోది వదులు. పట్టనిదాన్ని స్క్రూడ్రైవర్‌తో విడదీశాడు. వదులుదాంట్లో సీసం రేకు దూర్చాడు. "ఎవడో చవట తప్పు క్లాంపులు వేశాడు" అని గొణిగాడు. వాడి వేళ్లు వాడికి చెబుతూనే ఉన్నాయి. వాడే వినలేదు.

మైనస్‌కి బిగిస్తున్న తీగ కొసన బొటనవేలంత ఎర్ర రంగు నాకు స్పష్టంగా కనబడింది. ఎరుపు ప్లస్ అని నాబోటిదానికే తెలుసు. అల్లుడి వైపు చూశాను. వాడు స్తంభానికి చేరబడి, తీగను కాదు, నన్ను చూస్తున్నాడు. నోరు తెరిచాను. క్యారియర్ తెచ్చిన ముసలిది మేస్త్రికి పని నేర్పిందన్న మాట నలుగురిలో మా వాడికి రాకూడదనిపించింది. మూసుకున్నాను.

తాళం తిప్పారు. ఇంజన్ ఒక్కసారిగా అందుకుంది. పనివాళ్లు ఈలలు వేశారు. మా వాడు చేతులు తుడుచుకుంటూ, "ఏరా అల్లుడూ, స్టూలు ఎవరిది?" అన్నాడు.

అల్లుడు జవాబిచ్చే లోపలే కారు రేడియోలోంచి పొగ లేచింది. చూస్తుండగానే దాని వెనక వైర్లు అంటుకున్నాయి. పనివాడొకడు ఉరికి క్లాంపు లాగి పారేశాడు. అప్పటికే స్టీరింగ్ ముందున్న పలక సగం నల్లబడింది.

డాక్టరు తెల్లబోయాడు. "రేడియో పెట్టించినప్పుడు ప్లస్సు, మైనస్సు మార్పించాను కదండీ. పోయినేడు ఇక్కడే. మీరే చేశారు" అన్నాడు అల్లుడితో. ఆ వారం మా వాడు జ్వరంతో ఇంట్లో పడున్నాడు.

"అవునండీ. ఎవరూ పొరబడకూడదని ఎర్ర రంగు కూడా వేశాను" అని అల్లుడు మామగారి వైపు తిరిగాడు. "కనబడలేదా మామయ్యా? మీ చేతికిందే ఉంది."

"చూశాలే, ఏదో ధ్యాసలో పడ్డాను" అంటే పోయేది. మా తమ్ముడు ఆ తీగను ముక్కుకి తగిలేంత దగ్గరగా పెట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, "ఎక్కడ?" అన్నాడు.

ఎవరో కిసుక్కుమన్నారు.

బయటికొస్తూ అల్లుణ్ని పక్కకు లాగాను. "తెలిసే ఊరుకున్నావు కదురా?"

"మీరూ ఊరుకున్నారుగా పెద్దమ్మా" అన్నాడు. గొంతు కూడా పెంచలేదు.

ఈ సంగతి తమ్ముడికి నేను చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

మర్నాటి నుంచి ఇంట్లోనే ఉన్నాడు. వారం తిరక్కుండా చెయ్యి పట్టుకుని కంటి ఆసుపత్రికి లాక్కెళ్లాను. పొర తీసెయ్యడానికి ఒక్కో కంటికి ఇరవై నిమిషాలు పట్టింది. అంతే. ఆ ఇరవై నిమిషాలకే రెండేళ్లు మొండికేశాడు. కట్టు విప్పగానే నన్ను ఎగాదిగా చూసి, "ఇంత ముసలిదానివి ఎప్పుడయ్యావే అక్కా?" అన్నాడు.

"నువ్వు గుడ్డివాడివయిన రోజునరా" అన్నాను.

నెల తర్వాత గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని షెడ్డుకి బయల్దేరాడు. నేనూ వెంట వెళ్లాను. దారిపొడవునా దుకాణాల బోర్డుల రంగులు చెబుతూనే ఉన్నాడు. మూల స్టూలు మీద కొత్త మేస్త్రి ఒకడు మీటరు పెట్టుకుని పనిచేసుకుంటున్నాడు. అల్లుడు గబుక్కున లేచాడు. "రండి రండి మామయ్యా" అంటూ కారు యజమానులు కూర్చునే కుర్చీ తుడిచి వేశాడు. ఫ్యాను ఇటు తిప్పాడు. టీ తెప్పించాడు. ఒక్క వంకర మాట అనలేదు.

మా తమ్ముడు ఆ కుర్చీలో కూర్చుని టీ తాగాడు. గ్లాసు కింద పెట్టి, "చక్కెర ఎక్కువైంది" అని లేచి వచ్చేశాడు.